ఊరు దాటిన పేర్లు
(శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి స్మారక ఉపన్యాసం, రావులపాలెం)

  

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1891లో మన తూర్పుగోదావరి పొలమూరులో పుట్టారు. 1961లో కన్నుమూశారు. వైదికం నడిచే ఇంట్లో పుట్టి, సంస్కృతం చదువుకుని, తెలుగు కథ చేతబట్టారు. రాజమండ్రిలో ఉండి ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక నడిపారు. ‘వడ్లగింజలు’, ‘గులాబీ అత్తరు’ లాంటి కథలు రాశారు. ఆయన కథల్లో మనుషులు మాట్లాడుకుంటూ ఉంటారు, ఆ మాటల్లోనే కథ నడిచిపోతూ ఉంటుంది. ముఖ్యంగా ఆడవాళ్లు. ఈ గోదావరి ఒడ్డున వంటింట్లో, పెరట్లో, నూతి దగ్గర వినిపించిన తెలుగును అంత నిండుగా కాగితం మీద నిలబెట్టినవాళ్లు చాలా తక్కువ. ఆ మాట వినబట్టే ఈ ఊళ్లలో ఆడపిల్ల బతుకు ఎలా ఉండేదో మనకు తెలిసింది. ఆయన రుణం అక్కడ ఉంది.

ఇప్పుడు నేను ఆయన్ని ‘శ్రీపాద’ అంటే మీరెవరూ ఆశ్చర్యపోలేదు. గురజాడ, గిడుగు, కందుకూరి, చిలకమర్తి, విశ్వనాథ: మనం పెద్దవాళ్లను ఇంటిపేరుతోనే తలుస్తాం. కానీ ఆ కాలంలోనే రాజమండ్రిలో ఇంకో శ్రీపాద వారుండేవారు, భారత భాగవత రామాయణాలను తెలుగు చేసిన కృష్ణమూర్తిశాస్త్రి గారు. ఇటు శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, వైద్యులై, కర్నూలులో ఉండి, కర్ణాటక సంగీతానికి గురువైన శ్రీపాద పినాకపాణి గారున్నారు. ఒకే ఇంటిపేరుతో ముగ్గురు, మూడు దారులు. అందుకే ఈయన పేరిట మాట్లాడమన్నప్పుడు ఇంటిపేర్ల గురించి మాట్లాడతానన్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెలుగువాడి ఇంటిపేరు ఎక్కువగా ఒక ప్రయాణానికి గుర్తు. మనం దాన్ని కులానికి గుర్తుగా చదవడం అలవాటు చేసుకున్నాం. అలా చదివినంతకాలం అది చెప్పే చరిత్ర మన చెవికి ఎక్కదు. పైగా ఆ పేరు మన ప్రయాణాల్లో సగమే చెబుతుంది. మిగతా సగం ఎక్కడుందో చివర్లో మనవి చేస్తాను.

1

ముందు కాస్త దూరం వెళ్లి వద్దాం. స్పెయిన్ దేశంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు గార్సియా. మధ్యయుగాల్లో అది మనిషి పేరు. తాత పేరు మనవల మీద, మునిమనవల మీద నిలిచిపోయి ఇంటిపేరైంది. ఫెర్నాండెజ్ అంటే ఫెర్నాండో కొడుకు, రోడ్రిగెజ్ అంటే రోడ్రిగో కొడుకు. అక్కడ అన్నిటికంటే వాడుకలో ఉన్న ఇంటిపేర్లలో చాలా భాగం ఇలా తండ్రిని చెప్పేవే. కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ పేరు మీరు వినే ఉంటారు. అందులో గార్సియా నాన్న వైపుది, మార్కెజ్ అమ్మ వైపుది. స్పెయిన్‌లోనూ, స్పానిష్ మాట్లాడే చాలా దేశాల్లోనూ మనిషికి రెండు ఇంటిపేర్లు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మనకూ మనుషుల పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లున్నాయి, రుద్రరాజు లాంటివి. కరణం లాంటి కొలువు పేర్లున్నాయి. మిరియాల, బెల్లం, ఉప్పు, పప్పు, చింతల అంటూ పంటల, సరుకుల పేర్లున్నాయి. వీటిలో ప్రతిదాని వెనకా ఆ ఇంట్లో ఒక కథ చెబుతారు. మా ముత్తాత రాజుగారికి మిరియాలు పంపాడు, బెల్లం పెట్టి ఊరు కాపాడాడు అంటూ. వినడానికి బాగుంటాయి. చాలావరకు పేరు వచ్చాక అల్లుకున్న కథలని నా అభిప్రాయం. అందుకే వాటి దగ్గర ఆగను.

మన దగ్గర లెక్కకు మిక్కిలిగా ఉన్నవి ఊరి పేర్ల నుంచి వచ్చినవి. అవి ఊరి పేరు ఉన్నదున్నట్టుగా రావు, కొంచెం మారి వస్తాయి. కందుకూరు కందుకూరి అవుతుంది. మేడపాడు మేడపాటి అవుతుంది. అంబాజీపేట దగ్గర పుల్లేటికుర్రు పుల్లేటికుర్తి అవుతుంది. ఊరు ఊరి, పాడు పాటి, కుర్రు కుర్తి. ‘ఫలానా ఊరి వాళ్లు’ అని ఎవరో అంటేనే ఈ మార్పు వస్తుంది. మరి ఆ మాట అన్నదెవరు?

2

అమలాపురం పక్కన పాలగుమ్మి ఉంది. ఈ సభలో ఆ ఊరికి వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ ఊళ్లో పుట్టి ఆ ఊళ్లోనే ఉన్న మనిషిని పాలగుమ్మి వారు అని పిలవాల్సిన పని ఎవరికీ లేదు. ఊరంతా పాలగుమ్మి వాళ్లే కదా! ఆయన గోదావరి వశిష్ఠ పాయ దాటి అటు ఒడ్డున కాపురం పెట్టినప్పుడు, అక్కడివాళ్లు ‘ఎవరండీ ఈయన’ అని అడిగితే, ‘పాలగుమ్మి వారండీ’ అని ఇంకొకరు చెబుతారు. అప్పుడు పుడుతుంది ఇంటిపేరు. ఊరు వదిలాకే ఆ ఊరి పేరు మనిషికి అంటుకుంటుంది. అదీ ఆయన పెట్టుకున్నది కాదు, కొత్త ఊరు పెట్టింది.

‘గాలివాన’ కథతో 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు గారు పుట్టింది పాలగుమ్మిలో కాదు. పశ్చిమగోదావరిలో అత్తిలి దగ్గర తిరుపతిపురంలో. లలితగీతాల పాలగుమ్మి విశ్వనాథం గారిదీ ఆ ఊరే. పల్లెల కరువు గురించి, రైతుల గురించి దేశమంతటికీ చెప్పిన పాత్రికేయులు పి. సాయినాథ్ గారు మద్రాసులో పుట్టారు. ఆయన పేరు ముందున్న ‘పి’ అక్షరం పాలగుమ్మి. కోనసీమ పల్లె పేరు వశిష్ఠ దాటి, మద్రాసు వెళ్లి, ఇంగ్లీషు పత్రికల్లో ఒక్క అక్షరంగా నిలిచింది.

వక్కలంక అన్న ఇంటిపేరూ అంతే. అదీ మన అంబాజీపేట వైపు ఊరే. ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లే కాదు, అటు నుంచి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. కొవ్వూరి, తేతలి, కలిదిండి అన్న ఇంటిపేర్లు వినండి. కొవ్వూరు రాజమండ్రికి ఎదురు ఒడ్డున ఉంది, తేతలి తణుకు పక్కన ఉంది, కలిదిండి కొల్లేటి వైపు ఉంది. నిడదవోలు గోదావరికి పడమటి వైపు ఉంటే పండితులు నిడదవోలు వెంకటరావు గారు విజయనగరంలో పుట్టారు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో పుట్టారు, వారి పెద్దల ఊరు ఎక్కడో దక్షిణాన కందుకూరు.

వీళ్లంతా ఎందుకు కదిలారు? అగ్రహారం దొరికి కొందరు, కొలువు దొరికి కొందరు, కరువుకు కొందరు. 1833 నాటి కరువులో ఈ జిల్లాలు ఎంత చితికిపోయాయో ఈస్టిండియా కంపెనీ వాళ్ల కాగితాలే చెబుతాయి. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. కాలువలు పారాయి. నీళ్లొచ్చిన చోటికి మనిషి రాక మానడు. మెరకలు తవ్వి, లంకలు సాగుచేసి, కొత్త ఇళ్లు వేసుకున్నారు. అప్పుడు ఇంకో తమాషా జరిగింది. ఊరి పేరు ఇంటిపేరైనట్టే ఇంటిపేరు ఊరి పేరైంది. ఫలానా వారి పాలెం, ఫలానా వారి పేట, ఫలానా వారి మెరక. డెల్టా అంతటా శివారు పల్లెల పేర్లు ఇలాగే ఉంటాయి. మీ ఇళ్ల నుంచి రావులపాలెం అరటి యార్డుకి వచ్చే దారిలో ఇలాంటివి ఎన్నున్నాయో రేపు వచ్చేటప్పుడు గమనించండి.

ఆ తరవాత ఇక్కడివాళ్లే నిజాంసాగర్ కిందికి, నిజామాబాదు వైపు వెళ్లారు. తుంగభద్ర నీళ్లొచ్చాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు వెళ్లి క్యాంపులు వేసుకున్నారు. అక్కడ కూడా వాళ్లు తెలుగే మాట్లాడతారు, సంక్రాంతికి ఇక్కడికి వస్తారు. కానీ అక్కడికి వెళ్లిన ఏ కుటుంబానికీ ‘రావులపాలెం’ ఇంటిపేరు కాలేదు. పాత ఇంటిపేరే కొనసాగింది. ఆనకట్టకు ముందు అయితే రెండు తరాల్లో కొత్త పేరు వచ్చేసి ఉండేది. మధ్యలో ఏం జరిగింది? కాగితం వచ్చింది. దాని గురించి నాలుగో భాగంలో.

3

ఇంటిపేరు వినగానే కులం లెక్కగట్టేస్తాం. ఈ ప్రాంతంలో అది ఎంత అలవాటైపోయిందంటే, కొత్త మనిషి తన పేరు చెప్పేలోపే ఇంటిపేరు అడుగుతాం, అడిగి ఒక అరలో పెట్టేస్తాం. కొన్ని ఇంటిపేర్లకు అది సరిపోవచ్చు. చాలావాటికి సరిపోదు. ఎందుకు సరిపోతుంది? ఒక ఊరి నుంచి వేదం చదివినవారు వెళ్లారు, వ్యవసాయం చేసేవారు వెళ్లారు, మగ్గం నేసేవారు వెళ్లారు, చెప్పులు కుట్టేవారు వెళ్లారు. వెళ్లినచోట అందరినీ ఆ ఊరి పేరుతోనే పిలిచారు. కరువు కులం చూసి రాదు కదా!

దువ్వూరి అన్న పేరు తీసుకోండి. దువ్వూరు అనే ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నాయి, కడప జిల్లాలో ఉన్నాయి. ‘కవికోకిల’ దువ్వూరి రామిరెడ్డి గారిది నెల్లూరు వైపు. స్వాతంత్ర్యోద్యమంలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి 1922లో జైలుకు వెళ్లిన దువ్వూరి సుబ్బమ్మ గారిది మన ద్రాక్షారామం, బ్రాహ్మణ కుటుంబం. ఇద్దరికీ చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు, జిల్లా ఒకటి కాదు. అయినా ఇద్దరి పేర్ల ముందూ ఆ ఒక్క మాటే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఒకే కులంలో ఒకే ఇంటిపేరు ఉంటే మాత్రం అది గట్టి బంధమే. సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్లు మొదట అడిగేది అదే. ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ముల వరస, ఇక పెళ్లి మాట లేదు. ఎక్కడో పదిహేను కోసుల దూరంలో ఆ ఇంటిపేరు వాళ్లలో ఎవరో పోయారని కబురు వస్తే, ముఖం ఎప్పుడూ చూసి ఉండకపోయినా మైల పడతారు. మేనత్త కూతురు ఇంటిపేరు వేరు కాబట్టి మేనరికానికి అడ్డు లేదు. అంటే ఎవరిని పెళ్లాడవచ్చు, ఎవరి కోసం స్నానం చేయాలి అన్నది తేల్చే పని శతాబ్దాలుగా ఇంటిపేరు చేసింది. ఆ పని చేసింది కాబట్టే అది ఇంత గట్టిగా నిలిచింది. అయితే ఇంటి లోపల చేసిన ఆ పనిని బయటికి తెచ్చి, మనిషిని తూచే తూనికరాయిగా వాడటం మాత్రం అన్యాయం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. బడిలో పిల్లవాడి ఇంటిపేరు విని మొహం మార్చుకున్న పెద్దవాళ్లను చూశాను. ఆ పిల్లవాడికి అది జన్మంతా గుర్తుంటుంది.

4

కాగితం సంగతికి వద్దాం. ఫిలిప్పీన్స్ దీవులు ఒకప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉండేవి. అక్కడి జనంలో చాలామందికి స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఎవరు ఎవరి కొడుకో తెలియక పన్ను వసూలు కష్టంగా ఉందని గవర్నర్ క్లావెరియా 1849లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు 60,000 ఇంటిపేర్లను అక్షరక్రమంలో పుస్తకంగా అచ్చువేసి ఊళ్లకు పంపాడు. కొన్నిచోట్ల ఒక్కో ఊరికి ఒక్కో అక్షరం పేజీలు పంచారు. అల్బాయ్ ప్రాంతంలో ఓవాస్ అనే ఊళ్లో నేటికీ చాలా ఇంటిపేర్లు ‘ఆర్’ అక్షరంతోనే మొదలవుతాయి. వాళ్ల పేర్లలో స్పెయిన్ ఉంది, స్పెయిన్ నుంచి వచ్చిన తాత లేడు. పేరు చూసి వంశం చెప్పేవాళ్లు ఈ ఒక్క ఊరిని గుర్తుపెట్టుకుంటే చాలు.

అదే కాలంలో మన కోరంగి రేవు నుంచి ఏం జరిగిందో చూడండి. 1840ల నుంచి కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల జనం చెరకు తోటల్లో కూలీకి మారిషస్ వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు పడింది, బర్మాలోనూ పడింది. పాలగుమ్మిలో జరిగినట్టే, రేవు దాటాక రేవు పేరు మనుషులకు అంటుకుంది. అయితే అది ఇంటిపేరుగా నిలవలేదు. ఓడ దిగగానే రాసుకున్న పుస్తకంలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు లాంటి గళ్లున్నాయి. ఇంటిపేరుకు గడి లేదు. గడి లేనిదాన్ని గుమాస్తా రాయడు. రెండు తరాలు గడిచేసరికి తాత పేరే కుటుంబానికి చివరి పేరైంది. అప్పడు, రామస్వామి, వెంకటస్వామి అన్నవి అక్కడ ఇంటిపేర్లు. గార్సియా ఎలా పుట్టిందో ఇవీ అలాగే పుట్టాయి. దక్షిణాఫ్రికాలో నాయుడు అన్నది ఇంటిపేరై ఎంతోమందికి ఉంది. ఇక్కడి ఏ ఊరి నుంచి వెళ్లారో చెప్పే మాట మాత్రం వాళ్ల పేర్లలో పోయింది. ఇప్పుడు వాళ్ల మునిమనవలు పాత కూలీ పుస్తకాలు వెతికి, ఆ ఊరి పేరు పట్టుకుని, ఇక్కడికి వస్తున్నారు. అలా వచ్చినవాళ్లు తలుపు తడితే కూర్చోబెట్టి మాట్లాడండి. వాళ్లు ఆస్తి అడగడానికి రారు.

మనకూ కాగితం వచ్చింది. అడంగల్, బడి రిజిస్టరు, రేషన్ కార్డు, పాస్‌పోర్టు. వాటితో ఇంటిపేరు బిగుసుకుపోయింది. అమెరికా వెళ్లినవాళ్ల పేరులో అది ముందు నుంచి చివరికి వెళ్లింది, సత్య నాదెళ్ళ అన్నట్టు. ఇక్కడ ఉన్నవాళ్లకు ఒక్క ఇంగ్లీషు అక్షరమైంది. పిల్లల్ని ‘నీ పేరు ముందున్న కె ఏమిటమ్మా’ అని అడిగితే కొందరు ఆలోచించి చెబుతున్నారు. రాజకీయం మీద, సినిమా మీద పట్టున్న ఇంటిపేర్లు మాత్రం పూర్తిగా, గట్టిగా వినబడుతున్నాయి. నాకు దీనిలో బాధ కలిగించేది ఒకటే. గట్టిగా అరిచే ఇంటిపేర్లు ఊరిని గుర్తుచేయడం మానేశాయి, చిన్నబోయిన ఇంటిపేర్లు ఊరిని చెప్పే అవకాశమే కోల్పోయాయి.

5

ఇక మొదట్లో చెబుతానన్న ఆ సగం.

కోనసీమలో అందరికంటే ఎక్కువగా ఊళ్లు మారింది ఎవరు? కరువుకు వెళ్లిన రైతా, కొలువుకు వెళ్లిన కరణమా? ఆడపిల్ల. ప్రతి తరంలో, ప్రతి ఇంటి నుంచీ పడవెక్కి, బండెక్కి, పాయ దాటి వేరే ఊరికి వెళ్లింది ఆమె. ఆనకట్టకు ముందూ వెళ్లింది, తరవాతా వెళ్లింది. మగవాడు ఊరు దాటితే ఊరి పేరు అతనికి ఇంటిపేరైంది. ఆమె ఊరు దాటితే ఉన్న ఇంటిపేరు కూడా పోయింది. సుబ్బమ్మ గారు చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్నారు. ఆయనతో గడిపిన కాలం ఎంతని! అయినా ఆమె ఉపన్యాసాలకు, జైలుకు, కీర్తికి ముందు నిలిచింది దువ్వూరి అన్న మెట్టినింటి పేరే.

మార్కెజ్ సంగతి గుర్తుంచుకోమన్నాను. అమ్మ ఇంటిపేరు అక్కడ ఒక్క తరమైనా బిడ్డ పేరులో ఉంటుంది. స్పెయిన్‌లో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. ఆ పద్ధతినీ గొప్ప అనను. మనవడి దగ్గరికి వచ్చేసరికి అక్కడా నాన్న వైపు పేర్లే మిగిలేవి. కానీ అమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో బిడ్డకు తెలుస్తుంది, కాగితం మీద ఉంటుంది.

మన దగ్గర అది కాగితం మీద లేదు. ఇత్తడి మీద ఉంది. మా నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న బిందె మా ఇంట్లో ఉంది. మెడ కింద, ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. ఏళ్ల తరబడి చింతపండుతో తోమడం వల్ల కంటికి సగమే కనిపిస్తాయి, వేలితో తడిమితే మాత్రం తెలుస్తాయి. మొదట ఆమె పుట్టింటి వారి ఇంటిపేరు, తరవాత ఇచ్చిన తండ్రి పేరు. ఆమె పుట్టింటి పేరు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. భూమి కాగితాల్లో లేదు, ఓటరు జాబితాలో లేదు, ఫొటో కింద లేదు. ఇక్కడున్న అమ్మలకు నేను చెప్పేది కొత్త కాదు. సారె సామాను మీద పేర్లు కొట్టించడం మీ అందరి ఇళ్లలోనూ ఉంది. ఆ గిన్నెలు, గుండిగలు, చెంబులు ఇప్పుడు అటకల మీద ఉన్నాయి. పేరవలి దగ్గర అజ్జరం ఇత్తడికి పెట్టింది పేరు. పాత సామాను తూకానికి వేసి కొత్తది తెచ్చుకోవడం మనకు మామూలే. అలా వేసినప్పుడు కొలిమిలో ఇత్తడితోపాటు ఆ చుక్కలు కూడా కరిగిపోతున్నాయి. డెల్టాలో ఆడవాళ్ల రాకపోకలకు నాకు తెలిసిన ఒకే ఒక రాతపత్రం అది.

కొత్త సామాను కొనవద్దని నేను చెప్పను. వేసేముందు ఆ అక్షరాలు చదివి ఒక పుస్తకంలో రాయండి. చదవడానికి రాకపోతే కాస్త సున్నమో పిండో రాసి తుడిస్తే చుక్కలు తేలతాయి. మీ ఊళ్లో ప్రతి ఇంటికీ నాలుగు పేర్లు కావాలి: నాన్న ఇంటిపేరు, అమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు. పక్కన వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా. కులం గడి పెట్టవద్దు. ఈ పని హైస్కూలు పిల్లలు చేయగలరు, వేసవి సెలవులు చాలు. పది ఊళ్లలో చేస్తే, గౌతమి పాయకు ఇటూ అటూ ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య మనుషులు నడిచారో ఒక పటం గీయవచ్చు. ఆనకట్ట గురించి, కాలువల గురించి పుస్తకాలున్నాయి. ఆ కాలువల గట్ల మీద బండ్లలో వెళ్లిన పెళ్లికూతుళ్ల గురించి పుస్తకం లేదు. శ్రీపాద వారు కథల్లో వాళ్ల మాట దాచిపెట్టారు. వాళ్ల దారి మనం రాయాలి.

నిర్వాహకులు ప్రశ్నలకు సమయం ఇచ్చారు. అడిగేవాళ్లు లేచి నిలబడి, ముందు మీ అమ్మమ్మ పుట్టింటి పేరూ ఊరూ చెప్పండి, తరవాత ప్రశ్న అడగండి. ఆ మూల కూర్చున్న అబ్బాయి పుస్తకం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, రాసుకుంటాడు.